ఇద్దరి గదిలో ఒక్కణ్ణి

నాకు ముక్కు మీదే కోపం అంటారు. నిజమే, కాదనను. కానీ ఆ సాయంత్రం నాలుగింటికి ఆ కొత్త హోటల్ కౌంటరు ముందు పెన్ను పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు వచ్చింది కోపం కాదు, భయం. అది భయమని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ హోటల్ని అప్పటి దసరాకే తెరిచారు. శంకర్ నగర్ వైపు వెళ్ళే రోడ్డు మీద నాలుగంతస్తులు, లిఫ్టు, ప్రతి గదికీ ఏసీ, ప్రతి గదికీ ఫోను. ఎనభై ఎనిమిదో సంవత్సరంలో రాయపూర్‌లో అంతకన్నా గొప్ప హోటల్ లేదని పేపర్లో వేశారు. ఆ గోడల్లో ఏ తీగ ఎటు పోతుందో నన్నడగండి, కళ్ళు మూసుకుని చెబుతాను. నేను కరెంటు మేస్త్రీని. పేరు అచ్చయ్య. మాది పార్వతీపురం దగ్గర పల్లె. కుర్రతనంలో వాల్తేరు నుంచి వచ్చే బండెక్కి ఈ ఊరొచ్చి, ఇక్కడే పని నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయాను. పధ్నాలుగు నెలలు ఆ హోటల్ కట్టుబడిలోనే బతికాను. ఇంటికి పడుకోవడానికి వెళ్ళేవాణ్ణి, ఒక్కోసారి అదీ లేదు.

హోటల్ సేఠ్‌కి ఒక పద్ధతి ఉంది. తెరిచిన మొదటి వారంలోనే, పనిచేసిన మేస్త్రీలందరినీ పిలిచాడు. "మీరు బిగించినవి మీరే ఒక రోజు వాడి చూడండి. గెస్టుల్లాగే రండి, గెస్టుల్లాగే రిజిస్టర్లో రాయండి, తినండి, పడుకోండి. ఏది పనిచెయ్యకపోతే అది పొద్దున్న కాగితం మీద రాసివ్వండి. ఇంటావిడని కూడా తీసుకురండి" అన్నాడు. మిగతావాళ్ళంతా సంబరపడిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటావిడని తీసుకురావాలంటే ఇంటావిడ ఇంట్లో ఉండాలి కదా!

సూరమ్మ వెళ్ళిపోయి అప్పటికి అయిదు నెలలు. ఎక్కడికో కాదు, ఇదే ఊళ్ళో భన్‌పురిలో వాళ్ళ అక్క ఇంటికి. మేలో ఆవిడకి గర్భసంచి తీసే ఆపరేషన్ జరిగింది. సరిగ్గా అప్పుడే హోటల్లో పెద్ద ప్యానెల్ బోర్డు ఎక్కిస్తున్నాం, కరెంటు ఇన్‌స్పెక్టరు వస్తానంటాడు, రాడు. రేపొస్తానని ఆస్పత్రికి కబురు పంపాను. మర్నాడూ అదే కబురు పంపాను. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. పిల్లాపాపా లేని ఇల్లు మాది, చూడ్డానికి ఇంకెవరున్నారు? ఆవిడ అక్క రంగనాయకమ్మే పక్కనుండి చూసుకుంది. పదో రోజు నేను స్నానం చేసి, బత్తాయిలు కొనుక్కుని ఆస్పత్రికి వెళ్ళేసరికి మంచం మీద ఇంకెవరో ఉన్నారు. అక్క తనతో తీసుకెళ్ళిపోయింది.

అప్పుడే భన్‌పురి వెళ్ళి, తప్పయిపోయింది, రావే అనుంటే సరిపోయేది. వెళ్ళలేదు. కోపం తగ్గాక ఆవిడే వస్తుందిలే అనుకున్నాను. నేనే వస్తానని ఆవిడ అనుకుని ఉంటుంది. రెండు వైపులా అనుకోవడాలతోనే అయిదు నెలలు గడిచిపోయాయి.

ఈలోగా మా తోడల్లుడు దానయ్య రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. ఇల్లు ఖాళీ చేసి, సామాను కట్టుకుని సొంతూరు పోతున్నారని తెలిసింది. సూరమ్మ కూడా వాళ్ళతో వెళ్ళిపోతోందట. నాకిచ్చిన హోటల్ గది బుధవారానికి, వాళ్ళ బండి గురువారం మధ్యాహ్నానికి. ఇక ఆవిణ్ణి నిలుపుకోవడానికి నాకు మిగిలింది ఆ ఒక్క సాయంత్రమే.

బుధవారం పొద్దున్న ఫోన్ చేశాను. భన్‌పురిలో వాళ్ళ సందు మొదట్లో కిరాణా దుకాణం ఉంది. ఎవరికి ఫోనొచ్చినా ఆ దుకాణం ఆవిడ గుమ్మంలోకొచ్చి కేకేస్తుంది. సూరమ్మని పిలవమన్నాను. వచ్చింది వాళ్ళక్క.

"ఏటి మరిదీ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చినామా?"

"వదినా, సూరీని సాయంత్రం పంపించు. కొత్త హోటల్. నా పేరున గది ఇచ్చినారు. ఇద్దరం ఉండొచ్చు."

"పంపించడానికి అదేటి పార్సిలా? నువ్వే ఒచ్చి తీసుకెల్లరాదా?"

అక్కడ సరే అంటే ఏం పోయేది? నా మొండితనం అడ్డొచ్చింది.

"నాకు కుదర్దు వదినా. నాలుగింటి నుండి గదిలో లోడు టెస్టింగు. నాను కదలకూడదు."

అబద్ధం. ఎంతసేపైనా కదలొచ్చు. వాకిట్లో నిలబడి అందరి ముందూ బతిమాలితే, ఆవిడ రానంటే, అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? అదీ నా బాధ.

"సెప్తాను," అంది వదిన. "దాని ఇష్టం మరి."

ఇదీ జరిగింది. సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని, లూనా మోపెడ్ మీద వెళ్ళి కౌంటరు ముందు నిలబడ్డాను. కౌంటరులో తివారి అని కొత్తగా చేరిన మనిషి ఉన్నాడు, మెడకి టై. నిన్నటిదాకా నన్ను "ఓ మిస్త్రీ" అని పిలిచినవాడు ఆరోజు "సార్" అన్నాడు. రిజిస్టర్ తిప్పి నా వైపు పెట్టాడు. పేరు రాశాను. ఊరు రాశాను. పక్క గడిలో, మనుషులు ఎందరు అని ఉంది.

నా వెనక ప్లంబరు మేస్త్రీ నిలబడి ఉన్నాడు. పక్కన కొత్త చీరలో వాడి పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. వాడు నా భుజం మీంచి తొంగి చూస్తున్నాడు. ఇద్దరని రాసి, ఆవిడ రాక, పొద్దున్న ఒక్కణ్ణే దిగి వస్తే? ఊరంతా తెలిసిపోదూ, అచ్చయ్య పెళ్ళాం హోటల్ గది ఇస్తానన్నా రాలేదని! పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది. ఒకటి వేశాను. ఆవిడ వస్తే అప్పుడు దిద్దించవచ్చు, ఒకటిని రెండు చెయ్యడం ఎంతసేపు అనుకున్నాను.

"ఇంకెవరైనా వస్తారా సార్?" అని కూడా అడిగాడు తివారి.

"ఎవరూ రారు" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

రెండో అంతస్తులో రెండువందల తొమ్మిది నా గది. తలుపు తీస్తే కొత్త రంగు వాసన, కొత్త పరుపు వాసన. మంచం మా ఇంట్లో ముందుగదంత ఉంది. రెండు దిళ్ళు, రెండు తువ్వాళ్ళు, రెండు గ్లాసులు, రెండు జతల చెప్పులు. అన్నీ రెండేసి పెట్టారు. నాకు ఎక్కడ కూర్చోవాలో తోచలేదు. గది వెనకవైపుది, కిటికీలోంచి చూస్తే నీళ్ళ ట్యాంకు, జనరేటరు షెడ్డు తప్ప రోడ్డు కనపడదు. ముందువైపు గది ఇచ్చుంటే గేటు కేసి చూస్తూ కూర్చునేవాణ్ణి.

సరే, వచ్చిన పని చేద్దామని స్విచ్చులు నొక్కడం మొదలుపెట్టాను. మంచం దగ్గర ఒక స్విచ్చు, తలుపు దగ్గర ఒక స్విచ్చు, రెండిటికీ ఒకటే లైటు. అక్కడ వేసి ఇక్కడ ఆర్పొచ్చు. అది సూరమ్మకి చూపించాలని నాకు పిచ్చి కోరికగా ఉండేది. మా ఇంట్లో పడుకున్నాక లైటు ఎవరు లేచి ఆర్పాలని ఇద్దరికీ రోజూ పేచీ. "ఊరందరి ఇళ్ళల్లో లైట్లు పెడతావు, మనింట్లో ఒక స్విచ్చు మంచం కాడికి తేనేవు" అని దెప్పేది. నిజమే కదా, నా చేతిలో పనేగా! ఇరవై నాలుగేళ్ళలో నాకు తీరిక దొరకలేదు.

అయిదైంది. అయిదున్నరైంది. పక్క గదిలో ప్లంబరు పిల్లలు మంచం మీద ఎగురుతున్న చప్పుడు, వాళ్ళమ్మ కసురుతూనే నవ్వుతున్న చప్పుడు గోడలోంచి వినిపిస్తున్నాయి. గోడ పల్చగా ఉందని కాగితం మీద రాద్దామనుకున్నాను. తర్వాత ఎందుకులే అని ఊరుకున్నాను.

కాలు గాలిన పిల్లిలా గదిలో తిరిగాను. ఫోన్ ఎత్తితే చాలు, కింద కౌంటరు పలుకుతుంది. ఎవరైనా వచ్చారా అని అడగొచ్చు. మూడుసార్లు ఎత్తాను. ఎవరొస్తారు సార్ అని అడిగితే ఏం చెప్పను? ఎవరూ రారని చెప్పిన నోటితోనే మా ఆవిడ అని చెప్పాలి. మూడుసార్లూ పెట్టేశాను. ఒకసారి మెట్లదాకా వెళ్ళాను కూడా. కింద సోఫాలో కూర్చుని వాకిలి కేసి చూస్తూ ఉంటే పనివాళ్ళంతా చూస్తారు. వెనక్కి వచ్చేశాను.

ఆరింటికి గుండె దడదడలాడింది. ఏడింటికి దడ తగ్గిపోయి కోపం వచ్చింది. ఎనిమిదింటికి ఆ కోపమూ పోయింది. అది పోయాక మనిషికి ఏమీ మిగలదని నాకప్పుడే తెలిసింది. వెయిటరు భోజనం తెచ్చాడు, ఒకరికి. ఇంత పెద్ద పళ్ళెం, మీద తళతళలాడే మూత. రెండు రొట్టెలు తిని పక్కన పెట్టాను. ఏసీ వేస్తే చలి, ఆపితే ఉక్క. మంచానికి ఒక పక్కగా పడుకున్నాను. అంత మంచం మీద ఒక్కణ్ణే ఉన్నా, ఎందుకో అలవాటుగా ఆవిడ వైపు వదిలేశాను. ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పుకోడానికి సిగ్గేముంది, యాభై ఏళ్ళవాణ్ణి, దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాను.

పొద్దున్నే దిగాను. కాగితం మీద ఏ లోపమూ లేదని రాసి పట్టుకొచ్చాను. తివారి ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు, మనుషులు చాలక రెండు షిఫ్టులూ వాడి మీదే పడ్డాయట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాగితం తీసుకుని, కాస్త తటపటాయించి హిందీలో అన్నాడు.

"సార్, ఆవిడ చెప్పొద్దంది. కానీ మనసాగట్లేదు. నిన్న మీకోసం ఒకావిడ వచ్చింది."

"ఎప్పుడు?"

"ఆరున్నరప్పుడు. ఆకుపచ్చ చీర. చేతిలో గుడ్డల సంచి. ఎవరికోసం అమ్మా అంటే, ఇక్కడ లైట్లు పెట్టినాయన కోసం అంది. మేస్త్రీలు చాలామంది దిగారమ్మా, ఎవరు ఏ పని చేశారో నాకు తెలీదు, పేరు చెప్పండి అన్నాను. చెప్పదు! ఎన్నిసార్లు అడిగినా చెప్పదు. ఆ సోఫా అంచు మీద కూర్చుంది, అరగంట."

ఎందుకు చెప్పలేదో వాడికేం తెలుసు! మావాళ్ళలో ఆడది మొగుడి పేరు నోట పలకదు. పలికితే అతనికి ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ భయం. రేషన్ కార్డు ఆఫీసులో గుమాస్తా అడిగితే నన్ను ముందుకి తోసి "నువ్వే సెప్పు మావా" అనేది. ఆస్పత్రి చీటీలో నా పేరు వాళ్ళక్క చెప్పి రాయించింది. ఇరవై నాలుగేళ్ళలో సూరమ్మ నోట నా పేరు నేను వినలేదు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత లేచొచ్చి చెప్పింది సార్. అచ్చయ్య అని. నేను రిజిస్టర్ చూసి, ఉన్నారమ్మా, కానీ ఒక్కరే అని రాశారు, ఎవరూ రారని కూడా చెప్పారు, మీరు ఆయనకి ఏమవుతారు అని అడిగాను." తివారి తల గోక్కున్నాడు. "రూలు సార్, అడగాలి. ఎక్కడ రాశాడో చూపించమంది. చూపించాను. ఆ ఒకటి మీద వేలు పెట్టి చూసింది. గదికి ఫోన్ చెయ్యనా అంటే వద్దంది. వెళ్ళిపోయింది."

వాడి మీద కేకలేద్దామని నోరు తెరిచాను. ఏమని కేకలెయ్యను? రాసింది నేను, చెప్పింది నేను. జేబులో గది తాళంచెవి ఉందన్న ధ్యాస కూడా లేకుండా లూనా తీసుకుని భన్‌పురి వైపు పడ్డాను. దారి పొడుగునా లారీలు, దుమ్ము. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఆ లారీ డ్రైవర్లకి కూడా వచ్చి ఉండవు.

వెళ్ళేసరికి వాళ్ళ గుమ్మం ముందు సామాను వ్యాను నిలబడి ఉంది. దానయ్య మంచాలు ఎక్కిస్తున్నాడు. సూరమ్మ అరుగు మీద కూర్చుని దుప్పట్లో గిన్నెలు మూట కడుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఒచ్చినావా మావా. ఏటైనా తిన్నావా?"

"రేత్రి ఒచ్చినావంట."

"ఒచ్చినాను."

"మరి ఫోన్ సెయ్యనివ్వనేదేం? నాను పైనే ఉన్నాను సూరీ. నీకోసమే కూకున్నాను."

"ఒకలే అని రాసుకున్నావు గదా." గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. "ఎవులూ రారని సెప్పినావంట. మరింక నానెవుల్ని అని సెప్పుకోను ఆడికి?"

"నువ్వు రాకపోతే నవ్వుతారని రాసినాను. ఆ టై కట్టినోడు, ఆ ప్లంబరోడు, అందరూ ఉన్నారక్కడ. అంతే. ఇంకేటీ నేదు, నీ మీదొట్టు."

సూరమ్మ మూట ముడి బిగించి, అప్పుడు నా మొహంలోకి చూసింది.

"ఆస్పటల్ల తొమ్మిది రోజులున్నాను. పక్క మంచమావిడ, ఎదర మంచమావిడ, ఆయా, అందరూ రోజూ అడిగీవోరు, ఆద్మీ కబ్ ఆయేగా, మొగుడెప్పుడొస్తాడని. ఆజ్ ఆయేగా, ఇయాల ఒస్తాడని సెప్పీదాన్ని. తొమ్మిది రోజులూ అదే సెప్పినాను. మూడో రోజు నుండి నవ్వినారు. నవ్వితే ఏటయిపోనాది మావా? పదో రోజు అడిగినా అదే సెప్పుందును."

వదిన లోపల్నుంచి బిందె పట్టుకుని వచ్చి, మమ్మల్ని చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు రా," అన్నాను ఎలాగో. సందులో నలుగురూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. "తప్పు నాదే. నీ కాళ్ళు పట్టుకుంటాను, రా. ఇంటికెల్దాం."

"రాను." ఎంతో మెత్తగా అంది ఆ మాట. "నిన్నయితే ఒచ్చీసినాను. గుడ్డలు కూడా ఎట్టుకొచ్చినాను. నిన్న రేత్రి అయిపోనాది గదా."

నేను అక్కడే మట్టిలో కూర్చున్నాను. ఇంకేం అడగాలో తెలియక, అడగకూడనిదే అడిగాను.

"నా పేరు సెప్పినావంట."

ఆవిడ మొహం ఎర్రబడింది. తల తిప్పుకుంది.

"నానెప్పుడూ ఇన్నేదు సూరీ. ఒక్కసారి అను."

"ఆ కౌంటరు కాడున్నోణ్ణడుగు," అంది. "ఆడిన్నాడు."

అంతే, లేచి మూట వ్యాన్లో పెట్టింది. నేనూ లేచాను. మిగిలిన సామాను నేనే ఎక్కించాను. స్టేషన్‌కీ వెళ్ళాను. బండిలో కిటికీ పక్క చోటు చూసి కూర్చోబెట్టాను, కూజాలో నీళ్ళు పట్టి ఇచ్చాను. ఎండలో వచ్చావు, నువ్వూ తాగు అంది. తాగాను. బండి కదిలేదాకా ఇద్దరం ఎండ గురించే మాట్లాడుకున్నాం.

హోటల్‌కి తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. తాళంచెవి ఇవ్వాలి కదా. తివారి అప్పుడే మళ్ళీ డ్యూటీ ఎక్కబోతున్నాడు, టై బిగించుకుంటున్నాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి, నా మొహానికి సిగ్గనేది లేకుండా అడిగాను.

"తివారీ, ఆవిడ నా పేరు ఎలా అంది?"

"ఎలా అంటే?" తిడుతున్నాననుకుని బెదిరాడు. "అచ్చయ్య అంది సార్."

"అలా కాదయ్యా. నువ్వంటున్నావు అది. ఆవిడ ఎలా అంది?"

వాడు నన్ను వింతగా చూశాడు. తర్వాత ఏమర్థమైందో, గొంతు తగ్గించాడు.

"మొదట చాలా మెల్లగా అంది సార్. నాకు వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాను. అప్పుడు కళ్ళు మూసుకుని గట్టిగా అంది. హాలంతా వినపడింది. ఆ ప్లంబరు, వాళ్ళావిడ, పిల్లలు టీ తాగుతున్నారు ఇక్కడే. అందరూ తిరిగి చూశారు."

"నవ్వారా?"

"నవ్వారు సార్."

"ఆవిడ?"

"నవ్వనిచ్చింది. నేను పేజీలు తిప్పుతుంటే, ఉంటాడు బాబూ, సరిగ్గా చూడు, ఉంటాడు అంది."